కాముని పున్నం నాటి చక్కెర పేరు

తీపి మానేయమని డాక్టరు నాకు చెప్పి చాలా కాలమైంది. ఆయన చెప్పాడు, నేను విన్నాను, అక్కడితో మా ఇద్దరి పనీ అయిపోయింది. మొన్న హోళీకి ముందు నిర్మల్ వెళ్లొచ్చిన మా కోడలు ఒక ప్లాస్టిక్ సంచి నా ముందు పెట్టి, "తినడానికి కాదత్తమ్మా, చూడడానికి" అని ముందే షరతు విధించింది. లోపల చక్కెర పేర్లు. గులాబీవి కొన్ని, పసుపువి కొన్ని, బిళ్లలన్నీ ఒకే కొలతలో, అంచులు కూడా అరగకుండా ఉన్నాయి. కోడలు వంటింట్లోకి పోగానే ఒక బిళ్ల విరిచి నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది, అంతకు మించి ఏమీ లేదు. పాలవాసన లేదు, నిమ్మచుక్క పులుపు లేదు, పళ్ల కింద పొడిపొడిగా రాలే గుణం లేదు. అయినా న్యాయంగా తీర్పు చెప్పాలి కదా అని మరొకటి తిన్నాను. మూడో దాని దగ్గర పట్టుబడిపోయాను.

తెలియని వాళ్ల కోసం చెప్పాలి. మా ఉత్తర తెలంగాణలో పేరు అంటే దండ. చక్కెర బిళ్లల దండ చక్కెర పేరు, ఎండుకొబ్బరి చిప్పలు గుచ్చితే కుడుకల పేరు. కాముని పున్నానికి, అంటే హోళీకి, పిల్లల మెడలో ఈ పేర్లు వేస్తారు. మనిషిని పిలుచుకునే పేరు కూడా మాకు పేరే. రెండింటికీ ఒకే మాట ఉన్నందుకు మాకెవరికీ ఎన్నడూ ఇబ్బంది రాలేదు. ఒక్కసారి మాత్రం వచ్చింది. ఆ ఒక్కసారికే మా లచ్చక్క పెళ్లి తెగిపోయేంత పనైంది.

మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపుది ఖానాపూర్‌లో మిఠాయి దుకాణం. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఇంటి ముందు గదికి రెండు చెక్క తలుపులు, ఒక గద్దె, దాని మీద జిలేబి, బాలూషాయి, పల్లిపట్టీ, బూంది. అంగడి రోజున మాత్రం పేడా. నేను కళ్లు తెరిచిందే ఆ వాసనల్లో. పొద్దున లేవగానే ముక్కుకు తగిలే వాసనను బట్టి ఆ రోజేమిటో చెప్పగలిగేదాన్ని. బెల్లం పాకం వాసనైతే మామూలు రోజు, కోవా మాడువాసనైతే అంగడి. నెయ్యి వాసన వచ్చిందంటే ఎవరింట్లోనో పెళ్లి. బాపు మాత్రం తీపి తినేవాడు కాదు. చాయలో కూడా చక్కెర వేసుకునేవాడు కాదు. చేసిన ప్రతిదాన్నీ చిటికెడు విరిచి, వాసన చూసి, బొటనవేలితో నొక్కి పక్కన పెట్టేవాడు. ఆ పక్కన పెట్టిన చిటికెళ్లన్నీ ఎక్కడికి పోయేవో వేరే చెప్పక్కర్లేదు. ఇంటికి వచ్చిన చుట్టాలు నన్ను చూసి "పొల్ల మంచిగ బలిసింది" అని మెచ్చుకుని పోయేవాళ్లు.

మాఘం ముగిసే రోజుల్లో మిగతా పనులన్నీ ఆపి పేర్లు పోయడం మొదలుపెట్టేవాళ్లం. అచ్చులు నిర్మల్ నుంచి చేయించినవి. రెండు చెక్కలు ఎదురెదురుగా కలిస్తే నడుమ బిళ్లల ఆకారంలో గుంటలుండేవి. కొన్ని పువ్వులు, కొన్ని గుండ్రాలు, మధ్యలో పెద్ద పతకం. వాటిని రాత్రంతా నీళ్లలో నానబెట్టేది అవ్వ, అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్లం. నడుమ దారం సాగదీసి పెట్టి, రెండు చెక్కలూ కలిపి కట్టేసేది బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి. పాకం పట్టేది, పోసేది బాపు ఒక్కడే. పాలు పోసి మురికి తేల్చి తీసేసి, నిమ్మరసం పిండి, పాకం ముదిరాక కడాయి దించి, గరిటె వెనకవైపుతో కడాయి అంచుకు రుద్దేవాడు. రుద్దిన చోట పాకం తెల్లబడుతుంది. ఆ తెల్లదనం రాగానే పోసెయ్యాలి. ముందు పోస్తే బిళ్ల కట్టదు, సాగుతుంది. ఏమాత్రం ఆలస్యం చేసినా కడాయిలోనే రాయిలా గడ్డకడుతుంది. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. దగ్గు వచ్చినా బయటికి పోయి దగ్గాలి.

మా ఊళ్లో ఇంకో రివాజు ఉండేది. పెళ్లి నిశ్చయమైన పిల్లకు, ఆ తర్వాత వచ్చే మొదటి కాముని పున్నానికి, అత్తగారి వాళ్లు పేరు తెచ్చి మెడలో వేయాలి. ఆ రోజు వాళ్ల పేరు పడే దాకా పిల్ల మెడలో ఇంకెవరూ వేయకూడదు. దీపాలు పెట్టేలోగా రాకపోతే వాళ్లు సంబంధం వద్దనుకున్నట్టే. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోరు, వాడంతటికీ అర్థమైపోతుంది. మా పక్క వాడలో ఒక పిల్లకు అట్లా రాలేదు. ఆ పిల్ల తర్వాత బావికి నీళ్లకు పోవడం కూడా మానేసింది. మా లచ్చక్కకు అప్పటికి ఆ కథ బాగా తెలుసు.

లచ్చక్కను అడిగింది బెల్లంపల్లిలో ఉండే వాళ్లు. బొగ్గుబాయి వర్క్‌షాపులో పిల్లవాడు పని చేస్తున్నాడు. వాళ్ల నాన్న వెంకటరత్నంగారు కూడా అక్కడే ఫిట్టర్. బెజవాడ దిక్కు నుంచి పని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబం. కులం ఒకటే. కూర వేరు, మాట వేరు. అయినా పిల్లవాడు చూడవచ్చిన రోజు మా అక్క ముఖం చూసిన తర్వాత బాపు కాదనలేకపోయాడు. ఆ రోజు బాపు చేసిన బాలూషాయి అతను ఒకటి తిని, అడిగి మరొకటి తీసుకున్నాడు. అది బాపుకు కూడా నచ్చింది, నేను గమనించాను.

నిశ్చయమయ్యాక ఇల్లు చూడడానికి బాపు, బాపమ్మ, నేను బెల్లంపల్లి వెళ్లాం. పిల్ల రాకూడదు కాబట్టి లచ్చక్క రాలేదు, అవ్వ ఆమెకు తోడుగా ఆగిపోయింది. మేం పోయేసరికి క్వార్టర్ల నల్లాలో పొద్దటి నుంచి నీళ్లు రాలేదట. పిండి రుబ్బి పెట్టుకుని, నీళ్ల కోసం చూసి చూసి, ఇక లాభం లేదని పిల్లవాడి తల్లి రత్తమ్మగారు మమ్మల్ని బజారులోని హోటల్‌కు తీసుకుపోయారు. హోటల్లో కూర్చుని తినడం నాకు అదే మొదటిసారి. బండ పరిచిన బల్లలు, గోడకు అద్దాలు, గాజు బీరువాలో పేర్చిన మైసూర్‌పాక్. నా ముందు పెట్టిన దోసె పళ్లెం దాటి బయటికి వేలాడింది. నేను ఆ దోసెతో యుద్ధం చేస్తూ ఉండగానే, బల్లకు అటువైపు మా ఇంటి పరువు కరిగిపోతోందని తర్వాత తెలిసింది. వియ్యాలవారిని ఇంటికి పిలిచి బజారులో తినబెట్టడం మా దిక్కు పెద్ద మాట. బాపు ఒక చాయ మాత్రం తాగాడు. మైసూర్‌పాక్ ముక్కను బొటనవేలితో నొక్కి, వాసన చూసి, నా పళ్లెంలోకి జరిపాడు.

బాపమ్మ మాత్రం రివాజు మర్చిపోలేదు. గిన్నెల చప్పుడులో గొంతు పెంచి, "కాముని పున్నానికి పిల్లకు పేరు తేవాలె బిడ్డా. గది మా దిక్కు రివాజు. మీరు తెచ్చిన పేరు పడ్డంకనే పిల్ల మీదైనట్టు," అంది.

రత్తమ్మగారు ఎంతో సంతోషపడ్డారు. "మా వైపు పెళ్లయ్యాక పెడతారండి. మీకు ముందే కావాలంటే ముందే తెస్తాం. నా మనసులో ఎప్పటినుంచో ఒకటుంది కూడాను."

"మంచిగ పొడుగుది తేవాలె. లేకుంటె మంది నవ్వుతరు."

"మరీ పొడుగైతే ఏం బావుంటుందండీ? చిన్నదే అయినా ముద్దుగా ఉండాలి."

బాపమ్మ ముఖం మాడిపోయింది. తిరుగు బస్సు లక్షెట్టిపేట దాటేదాకా ఆగింది. తర్వాత, "చిన్నదే తెస్తదట. చక్కెరకు సుత ముడుచుకునే మనిషి," అంది. బాపు కిటికీలోంచి అడవిని చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి రాగానే లచ్చక్క నన్ను పెరట్లోకి లాక్కుపోయి, తనను చేసుకోబోయే ఆయన వచ్చాడా, ఏం తిన్నాడు, దోసె చెయ్యితో తిన్నాడా చెంచాతోనా అని అడిగింది. చెయ్యితోనే అన్నాను. ఆ ఒక్క ముక్కకే ఆమె ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా నవ్వుకుంది.

కాముని పున్నం రానే వచ్చింది. ముందు రాత్రి కాముణ్ని కాల్చిన బూడిద వాసన ఇంకా వాడలో ఉంది. జాజిరి పాటలు పాడుతూ ఆడే పిల్లలు మోదుగుపూల రంగునీళ్లతో పొద్దున్నే బయల్దేరారు. లచ్చక్క తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, నడిమింట్లో పీట మీద కూర్చుంది. మెడలో పుస్తె లేదు సరే, ఆ రోజు పూసల దండ కూడా తీయించేసింది బాపమ్మ. నా మెడలో మాత్రం బాపు పొద్దున్నే తన చేత్తో పెద్ద పేరు వేశాడు. ఎండెక్కేసరికి అందులో దారమే ఎక్కువ కనిపించడం మొదలైంది.

మొదట్లో అంతా ఉత్సాహంగానే ఉంది. పేర్లు కొనడానికి వచ్చినవాళ్లంతా, "నీ బిడ్డ పేరు అచ్చిందా?" అని అడిగేవాళ్లు. "వస్తది. దూరంకెళ్లి రావాలె గద," అనేవాడు బాపు. పొద్దటి బస్సు వచ్చి పోయింది. బాపు "వస్తది" అనడం తగ్గించి తల ఊపడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం బస్సు కూడా వచ్చి పోయాక ఆ తల ఊపడం కూడా మానేశాడు. అడగవచ్చినవాళ్లు అడగకుండా లోపలికి తొంగిచూసి పోతున్నారు. దాన్ని భరించడం ఇంకా కష్టం. లచ్చక్క స్నేహితురాళ్లు మెడల నిండా పేర్లతో వచ్చి, ఆమెను చూసి, పేర్లను కొంగు కింద కప్పుకుని వెళ్లిపోయారు. ఆమె నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూశాక నేను పేరు తినడం ఆపేశాను. నా విషయంలో అది చిన్న సంగతి కాదు.

గద్దె మీద పేర్లన్నీ అమ్ముడైపోయాక బాపు తలుపులు దగ్గరికి వేసి లోపలికి వచ్చాడు. అవ్వతో, "పీట మీదికెళ్లి లేవుమను పిల్లను," అన్నాడు.

"దీపాలు పెట్టేదాక టైమున్నది గద," అంది అవ్వ.

"ఎందుకు? ఇంక మంది వచ్చి సూసిపోవాల్నా? మాట మీద నిలవనోళ్ల ఇంటికి నా బిడ్డనియ్య. రేపు మనిషిని తోలి చెప్తా."

లచ్చక్క లేవలేదు. అవ్వ కూడా ఆమెను లెమ్మనలేదు. బాపు గొంతు పెంచబోతుండగా బయట చెప్పుల చప్పుడైంది. రత్తమ్మగారు, వెంకటరత్నంగారు. ఒళ్లంతా ఎర్రదుమ్ము. జన్నారం అడవిలో బస్సు ఆగిపోయిందట, లారీ పట్టుకుని వచ్చారట. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగున పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. రత్తమ్మగారు తెచ్చిన పళ్లెం చాప మీద పెట్టారు. చీర, రవికెగుడ్డ, పసుపు, కుంకుమ, అరటిపళ్లు. మేమంతా పళ్లెం వంకే చూశాం. అందులో పేరు లేదు.

బాపమ్మ నెమ్మదిగా అడిగింది. "పేరు తెచ్చిండ్రా బిడ్డా?"

"తెచ్చామండి." రత్తమ్మగారి ముఖమంతా నవ్వు.

"ఏది మరి?"

రత్తమ్మగారు కాస్త సిగ్గుపడి, "తాయారు," అన్నారు.

"తయారుంటె ముంగట వెట్టు. పిల్ల పొద్దటిసంది కూసున్నది."

"అదేనండీ చెబుతున్నాను. తాయారు."

"తయారే అంటున్నవు. ఏడున్నది? బస్సుల మర్చిపోయిండ్రా?"

"బస్సులో మరిచిపోవడానికి అదేమన్నా వస్తువా అండీ?" ఆమె నవ్వు సగంలో ఆగింది. ఎవరి ముఖంలోనూ నవ్వు లేకపోవడం అప్పటికి చూసినట్టున్నారు.

"అమ్మా, ఇగ సాలు," అన్నాడు బాపు. "నవ్వులాటకు వచ్చినట్టున్నరు. నీళ్లిచ్చినం, తాగిండ్రు. ఇగ పొమ్మను."

వెంకటరత్నంగారు లేచి నిలబడ్డారు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇంటికొచ్చినవాళ్లను పొమ్మంటారా బావగారూ? అంత తప్పు మేమేం చేశాం?" అన్నారు. ఒక్క క్షణం అటు ఇటు అయితే ఆయన భార్యను తీసుకుని గడప దాటిపోయేవారే. అప్పుడు అవ్వ నన్ను రెక్క పట్టి ముందుకు లాగింది. నా మెడలోని సగం తిన్న దండను ఎత్తి రత్తమ్మగారికి చూపించింది.

"వదినె, మేం పేరన్నది గిది. మీరు పిలుసుకునే పేరనుకున్నరా?"

రత్తమ్మగారు ఆ దండను చూశారు, నన్ను చూశారు, పీట మీద బోసిమెడతో కూర్చున్న లచ్చక్కను చూశారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ల దిక్కు కోడలు కాపురానికి వచ్చాక అత్తవారు కొత్త పేరు పెట్టుకోవడం ఉందట. మేం అదే అడుగుతున్నామనుకుని, అన్ని రోజులూ ఆలోచించి, మా అక్కకు ఒక పేరు మోసుకొచ్చారు. ఇప్పుడైతే నేను ఈ కథ చెప్పి నలుగురినీ నవ్విస్తాను. ఆ రోజు మా నడిమింట్లో ఒక్కరు కూడా నవ్వలేదు.

బాపు కోపం తగ్గకపోగా ఇంకో చోట అంటుకుంది. "తెల్వకనే జరిగింది అనుకుందాం. ఇయ్యాల పేరంటే తెల్వదు, రేపు ఇంకోటి తెల్వదు. గంత తెల్వనోళ్ల నడుమ నా బిడ్డ ఎట్ల బతుకుతది? ఆమె పేరు సుత మారుస్తరట. లచ్చవ్వ అని పిలువనీకి నామోషీనా మీకు?"

"నామోషీ కాదన్నయ్యగారూ." రత్తమ్మగారు పళ్లెంలోని చీర మడత సవరించారు. "తాయారు నా పేరు. మా అమ్మ పెట్టింది. మా అత్తగారి పేరూ తాయారమ్మే కావడంతో, కాపురానికి వెళ్లిన రోజునే రత్తమ్మ అని మార్చేశారు. అత్తగారి పేరు పెట్టి కోడల్ని కేకలెయ్యలేరు కదా. పుట్టింట్లో వాళ్లంతా పోయారు. ఇప్పుడా పేరుతో నన్ను పిలిచేవాళ్లు లేరు. ఆడపిల్ల పుడితే పెట్టుకుందామనుకున్నాను, పుట్టలేదు. మీ అమ్మాయికిద్దామని తెచ్చాను."

వెంకటరత్నంగారు మళ్లీ కూర్చున్నారు. భార్య ముఖం వంక మాత్రం చూడలేదు. బాపు గోడ వైపు తిరిగాడు. ఆయన గురించి అన్యాయంగా చెప్పకూడదు. కూతురిని తెలియని చోటికి పంపడానికి భయపడే తండ్రికి కోపం తప్ప ఇంకో మాట రాదు, ఆ సంగతి నాకు నా కూతురి పెళ్లినాడు తెలిసింది. కానీ ఆ సాయంత్రం ఆయన నోటి నుంచి ఇంకొక్క మాట జారినా మా అక్క బతుకు వేరే అయిపోయేది.

పొద్దటి నుంచి నోరు తెరవని లచ్చక్క అప్పుడు మాట్లాడింది. "బాపు, నాకు పేరున్నది. మెడల పేరే లేదు." తర్వాత రత్తమ్మగారి వైపు తిరిగి, "గా పేరు మీ అవ్వ మీకు పెట్టింది అత్తమ్మా. మీకాడనే ఉండనియ్యిండ్రి. నాకు చక్కెర పేరు ఏస్తె సాలు," అంది.

వేయడానికి పేరు ఎక్కడుంది? ఖానాపూర్‌లో పేర్లు పోసేది బాపు ఒక్కడే. గద్దె మీద ఒక్కటి కూడా మిగల్లేదు. నా మెడలో ఉన్నది ఎంగిలిది. వెంకటరత్నంగారు ఎవరింట్లోనైనా అడిగి కొనుక్కొస్తానన్నారు. ఒకరి కోసం తీసుకున్న పేరు ఇంకొకరికి వేయరని బాపమ్మ అంది. రత్తమ్మగారు కొంగు నడుముకు దోపుకుని లేచారు.

"పంచదార ఉందా అన్నయ్యగారూ? పాకం నేను పడతాను."

"పొయ్యి సల్లారింది," అన్నాడు బాపు గోడ వైపే చూస్తూ.

"సల్లారితె మల్ల రాజేస్తం," అంటూ బాపమ్మ ఆయన పక్కనుంచే పెరట్లోకి నడిచింది.

డబ్బాలో మిగిలిన చక్కెర ఒక్క వాయికే సరిపోతుంది. అది చెడితే ఆ పూట ఇంకోసారి చేయడానికి లేదు. పొద్దు చింతచెట్ల వెనక్కి దిగిపోతోంది. అవ్వ నానిన అచ్చు ఒకటి తీసి, దారం పెట్టి బిగించి కట్టింది. రత్తమ్మగారు కడాయి ఎక్కించారు. ఆమెకు పాకం తెలియదని కాదు, అరిసెల పాకం, మినపసున్ని పాకం అన్నీ తెలుసు. అందుకే పాకపు చుక్కను నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేసి చూస్తున్నారు. పేర్లకు అట్లా చూడరు. ఉండ కట్టేదాకా ఆగితే ముదిరిపోతుంది. మా ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. కానీ పాకం దగ్గర బాపు తప్ప ఎవరూ నోరు విప్పకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. అవ్వ బాపు వంక చూసింది. బాపమ్మ చూసింది. ఆయన పెరటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పాకం బుడగలు చిన్నవై, చప్పుడు చిక్కబడుతోంది. ఆ చప్పుడు వింటే చాలు, ఆయన నిద్రలో కూడా లేచి కూర్చునే మనిషి. లచ్చక్క పీట మీదినుంచి లేచి వచ్చి తలుపు చాటున నిలబడింది. రత్తమ్మగారు మళ్లీ ఒక చుక్క నీళ్లలో వేయబోయారు.

"దించు చెల్లె," అన్నాడు బాపు.

నిశ్చయమైన రోజు నుంచి ఆ రోజు దాకా ఆయన ఆమెను ఏ వరసా పెట్టి పిలవలేదు. ఆమె గబుక్కున దించారు. "గరిటె తిప్పి అంచుకు రుద్దు. ఇంక జర. ఇంక. తెల్లగైతుంది సూడు. ఇగ అచ్చుల పొయ్యి, ఆగకు." ఆమె పోశారు. తొందరలో కొంత అచ్చు మీద, కొంత నేల మీద పడింది. అచ్చు విప్పేటప్పుడు రెండు పువ్వులు విరిగాయి, పతకం సగమే కట్టింది. మా దుకాణంలో అలాంటిది తయారైతే బాపు తిరిగి కడాయిలో వేసేవాడు. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి రత్తమ్మగారికి ఇచ్చాడు. ఇంకా వేడి తగ్గని ఆ వంకర పేరు మా అక్క మెడలో పడ్డాక అవ్వ దీపం వెలిగించింది. నేల మీద పడిన పాకం గట్టిపడ్డాక దాని సంగతి నేను చూసుకున్నాను. అంత రుచి మళ్లీ తినలేదు.

ఇప్పుడు మా ఇళ్లలో ఇలాంటి పొరపాటు జరగదు. ఏ పేరు కావాలో ఫోన్‌లో బొమ్మ పంపి అడుగుతారు, రంగు కూడా అడుగుతారు, వస్తువు మనిషి కంటే ముందే ఇంటికి చేరుతుంది. ఆ రోజులే మంచివని నేననను. ఒక దండ రాలేదని ఒక పిల్ల బతుకు తేల్చేసే రివాజు పోయినందుకు నాకు సంతోషమే. ఆ పక్క వాడ పిల్లకు ఎవరూ వచ్చి సంగతి ఏమిటో చెప్పలేదు, ఆమె అత్తగారి వాళ్ల మాటలోనూ ఏదైనా పొరపాటుందేమోనని ఎవరూ అడగలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే వస్తుంది. కాకపోతే మా ఇంట్లో ఆ పూట ఒకరి మాట ఒకరు అర్థం చేసుకోవడానికి పొయ్యి దాకా వెళ్లారు. ఇప్పుడు అంత దూరం వెళ్లే ఓపిక నాతో సహా ఎవరికీ లేదు. అక్క బెల్లంపల్లిలో బాగానే బతికింది. అత్తగారు కడదాకా ఆమెను లచ్చవ్వ అనే పిలిచారు. వాళ్ల నోట్లో అది లచ్చెవ్వ అయ్యేది, అంతే.

ఆ సాయంత్రం చివరి బస్సుకు వాళ్లను ఎక్కించడానికి అందరం వెళ్లాం. వెంకటరత్నంగారు, బాపు ముందు నడుస్తూ మైసూర్‌పాక్‌లో నెయ్యి ఎంత పడాలనే దాని మీద వాదించుకుంటున్నారు. రత్తమ్మగారు బస్సు మెట్టు మీద కాలు పెట్టారు. వెనకనుంచి బాపమ్మ పిలిచింది.

"తాయారూ."

ఆమె తిరగలేదు. రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టారు. బాపమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి ఆమె ఆగి, కడ్డీ పట్టుకుని కిందికి దిగారు. కండక్టరు తొందరపెడుతున్నా వినిపించుకోకుండా, దుమ్ములో నడుచుకుంటూ బాపమ్మ దగ్గరి దాకా వచ్చారు.

"ఏమ్మా?" అన్నారు.

"ఏం లేదు బిడ్డా," అంది బాపమ్మ. "ఉట్టిగనే పిలిచిన."